ధ్యాసెక్కడుంది?

2022 జూలై వరదని కోనసీమలో ఎవరూ మర్చిపోలేరు. ధవళేశ్వరం బ్యారేజి దగ్గర 10 లక్షల క్యూసెక్కులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. 17 లక్షలు దాటితే మూడోది, ఆఖరిది. ఆ ఏడాది 25 లక్షలు దాటింది. నేను లెక్కల టీచర్‌గా పనిచేసే జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల గోదావరి పాయల్లో ఒకటైన వైనతేయ పక్కన, ఏటిగట్టుకి ఇవతల ఉంటుంది. గట్టుకి అవతల, ఏటి మధ్య ఉన్న లంకల నుంచి ముప్ఫై మంది దాకా పిల్లలు రోజూ పడవెక్కి బడికొస్తారు. వరద రోజుల్లో మా బడే వాళ్ళకి ఇల్లయింది. తరగతి గదుల్లో చాపలు, వరండాలో మేకలు, వంటగది దగ్గర పులిహోర పొట్లాల కోసం వరస. నీళ్ళు తీశాక వాళ్ళు ఇళ్ళకి వెళ్ళి బురద ఎత్తిపోసుకున్నారు. మేము గదులు కడిగించి, బ్లీచింగ్ చల్లించి పాఠాలు మొదలుపెట్టాం. సిలబస్ వెనకబడిపోయిందని నాకు ఒకటే టెన్షన్.

మూడో రోజో నాలుగో రోజో, మేడ మీద గదిలో ఎనిమిదో తరగతికి అకరణీయ సంఖ్యలు చెబుతున్నాను. కిటికీ పక్కన కూర్చున్న అబ్బాయి బోర్డు వైపు చూడటం లేదు. రెండుసార్లు పేరు పెట్టి పిలిచాను. పలకలేదు. మూడోసారి దగ్గరికి వెళ్ళి, స్కేలుతో వాడి బెంచీ మీద గట్టిగా కొట్టాను. "ఒరేయ్, ధ్యాసెక్కడుందిరా నీకు?"

వాడు ఉలిక్కిపడి లేచాడు. గదంతా బిగుసుకుపోయింది. "ఏట్లో నీళ్ళు మళ్ళీ పెరుగుతున్నాయేమోనని సూత్తన్నానండి," అన్నాడు. కిటికీలోంచి చూస్తే గట్టు మీదుగా ఏరు కనపడుతుంది. నీళ్ళలో ఒక కొబ్బరిచెట్టు నిలబడి ఉంది. "ఆ చెట్టు మొదలు కనపడతా ఉంటే తగ్గుతున్నట్టండి. పొద్దున్న కనపడింది. ఇప్పుడు కనపడట్లేదండి."

నేనేమీ అనలేకపోయాను. కూర్చోమన్నాను. ఆ పీరియడ్‌లో మిగిలిన లెక్కలు ఎలా చెప్పానో నాకే తెలియదు.

అప్పటికి పదిహేడేళ్ళుగా పాఠాలు చెబుతున్నాను. "ధ్యాసెక్కడుంది?" అన్న మాట రోజుకి పదిసార్లయినా అని ఉంటాను. మా టీచర్లు నన్ను అన్నారు, మా అమ్మ అంది, నేను పిల్లల్ని అన్నాను. ఒక్కసారి కూడా దాన్ని ప్రశ్నగా అడగలేదు. జవాబు వస్తుందని అనుకోలేదు, రావాలని కోరుకోలేదు. తిట్టడానికి వాడుకునే మాటగానే ఉండిపోయింది. ఆ రోజు మొదటిసారి ఎవరో దానికి జవాబు చెప్పారు. అదీ తన ఇంటి గడపలోకి నీళ్ళొస్తాయేమోనని కాపలా కాస్తున్న పదమూడేళ్ళ పిల్లాడు. వాడికి ధ్యాస లేకపోవడమేమిటి? నా గదిలో అందరికన్నా ధ్యాసగా ఉన్నది వాడే. అది నా బోర్డు మీద లేదు, అంతే.

ఆ స్కేలు చప్పుడు నన్ను చాలా రోజులు వదల్లేదు. చేయి లేచే ముందు నాకు ఏమైంది? గొంతు ఎప్పుడు పెరిగింది? ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. కోపం వచ్చిన సంగతి చప్పుడయ్యాకే తెలిసింది. పిల్లవాడి ధ్యాస ఏట్లో ఉంటే, నా ధ్యాస సిలబస్‌లో ఉంది. ఎదురుగా ఉన్న పిల్లవాడి మీద లేదు.

మా జీవశాస్త్రం మాస్టారితో ఈ మాట చెప్పుకుంటే ఆయన మైండ్‌ఫుల్‌నెస్ గురించి, అంటే ఉన్న క్షణం మీద ధ్యాస పెట్టడం గురించి, చదవమన్నారు. అప్పటిదాకా నాకు అదేదో పట్నాల్లో ఆఫీసుల వాళ్ళు చేసుకునేదన్న అభిప్రాయం ఉండేది. చదవడం మొదలుపెట్టాక తెలిసింది. 1979లో జాన్ కబాట్-జిన్ అనే ఆయన అమెరికాలో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో, దీర్ఘకాలిక నొప్పులతో బాధపడే రోగుల కోసం కొన్ని వారాల శిక్షణ మొదలుపెట్టారు. ఇప్పుడు బళ్ళలో, ఆసుపత్రుల్లో మనం వినే మైండ్‌ఫుల్‌నెస్ చాలావరకు అక్కడి నుంచి వచ్చిందే. మన దేశంలో ఢిల్లీ ప్రభుత్వం 2018 జూలైలో ప్రభుత్వ బళ్ళలో హ్యాపీనెస్ కరిక్యులమ్ పెట్టి, నర్సరీ నుంచి ఎనిమిదో తరగతి దాకా పిల్లలకి కాసేపు ఇది చేయించింది. ఇక ఆ ఇంగ్లీషు మాట వెనకున్న మాట, తొలి బౌద్ధ గ్రంథాలున్న పాళీ భాషలోని సతి. సంస్కృతంలో స్మృతి. ఊపిరి మీద ధ్యాస పెట్టడం ఆనాపానసతి.

ఇది చదివినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. మా బడికి కొద్ది దూరంలోనే, మామిడికుదురు మండలంలో, ఆదుర్రు ఉంది. వైనతేయ ఒడ్డున బౌద్ధ స్తూపం ఇటుకలు ఇప్పటికీ ఉన్నాయి. విజ్ఞాన యాత్ర పేరుతో పిల్లల్ని నాలుగుసార్లు తీసుకెళ్ళాను. ఇటుకలు చూపించాను, ఫోటోలు దింపాను, పులిహోర పెట్టి తీసుకొచ్చాను. అక్కడ ఒకప్పుడు కూర్చున్న భిక్షువులు చేసిన పని ఇదేనన్న సంగతి వాళ్ళకి చెప్పలేదు. నాకే తెలియదు కాబట్టి.

పిల్లలకి చెప్పే ముందు నేను నేర్చుకోవాలి కదా. 2023 మే సెలవుల్లో నాగార్జునసాగర్ దగ్గర విపశ్యన ధ్యాన కేంద్రానికి పది రోజుల శిబిరానికి వెళ్ళాను. ఫోన్ తీసుకుంటారు, మాట్లాడకూడదు, డబ్బు అడగరు, ఇష్టమైతే చివర్లో విరాళం ఇవ్వచ్చు. మొదటి మూడు రోజులూ ఊపిరిని గమనించడమే పని. ముక్కు దగ్గర గాలి లోపలికి వెళ్తోందా, బయటికి వస్తోందా, అంతే. లెక్కలు చెప్పేదాన్ని, ఇదేం కష్టం అనుకున్నాను. రెండో రోజు మధ్యాహ్నానికి ఏడుపొచ్చింది. పది ఊపిర్లు వరసగా గమనించలేకపోయాను. నాలుగో ఊపిరికల్లా ఇంట్లో గ్యాస్ బుక్ చేశానా లేదా, స్టాఫ్‌రూమ్‌లో ఎవరో అన్న మాట, అమ్మ మోకాలి నొప్పి. నా ధ్యాసే నా చేతిలో లేదు. అలాంటిది నలభై నిమిషాల పీరియడంతా పిల్లల ధ్యాస నా చేతిలో ఉండాలని ఇన్నేళ్ళూ ఎలా అనుకున్నాను?

ఇంటికొచ్చాక పొద్దున్నే పదిహేను నిమిషాలు కూర్చోవడం అలవాటు చేసుకున్నాను. కొన్నాళ్ళు కుదిరింది, కొన్నాళ్ళు కుదరలేదు. బడి తెరిచే జూన్ నాటికి నాలో వచ్చిన తేడా ఒక్కటే: కోపం వచ్చే ముందు దవడ బిగుసుకుంటుందని తెలిసింది. చిన్న సంగతిలా ఉంటుంది. కానీ దవడ బిగుసుకుందని తెలిసిన క్షణానికీ గొంతు లేచే క్షణానికీ మధ్య కాస్త చోటు దొరికింది. నా చేతికి స్కేలు దొరక్కుండా చేసింది ఆ చోటే.

తరగతిలో పిల్లలతో ఇది చేయిస్తానని హెడ్‌మాస్టర్ గారిని అడిగితే, "ఐదు నిమిషాలకి మించకూడదు మేడమ్, సిలబస్ దెబ్బతినకూడదు," అన్నారు. ఆ షరతు పెట్టడమే మంచిదయింది. మొదటి రోజు తరగతిలోకి వెళ్ళి, కళ్ళు మూసుకుని ఊపిరి గమనించమని ముప్ఫై ఎనిమిది మందికీ చెప్పాను. అరనిమిషంలో ఎవరో కిసుక్కుమన్నారు. వెనక బెంచీలో గిల్లుళ్ళు. ఒకడు నిజంగానే గుర్రుపెట్టాడు. నేను కళ్ళు తెరిచి చూసేసరికి సగం మంది నన్నే చూస్తున్నారు.

అది సరిదిద్దుకోగలిగిందే. రెండో వారంలో జరిగింది వేరు. ముందు బెంచీలో కూర్చునే ఒక అమ్మాయి కళ్ళు మూసుకున్న కాసేపటికి వెక్కివెక్కి ఏడవటం మొదలుపెట్టింది. వాళ్ళమ్మ కువైట్‌లో ఇంటిపనికి వెళ్ళి రెండేళ్ళయింది. మా కోనసీమలో ఇలాంటి ఇళ్ళు చాలా ఉన్నాయి. పిల్లలు అమ్మమ్మ దగ్గరో నాన్నమ్మ దగ్గరో పెరుగుతారు, వీడియో కాల్‌లో అమ్మని చూసుకుంటారు. "కళ్ళు మూసుకుంటే అమ్మే కనపడుతుందండి," అంది ఆ పిల్ల. బడిలో, పదిమందిలో, ఆటల్లో పడి మర్చిపోతున్న బెంగని నేను చేతులారా ఆ పిల్ల ముందు పెట్టాను. ఆ సాయంత్రం వాళ్ళ అమ్మమ్మ దగ్గరికి వెళ్ళి మాట్లాడి వచ్చాను.

ఆ రోజు నుంచి కళ్ళు మూసుకోమని ఎవరినీ అడగలేదు. తెరిచే ఉంచుకోవచ్చు, బల్ల మీద ఒకచోట చూపు నిలపచ్చు. ఊపిరి వద్దనిపిస్తే పాదాలు నేలకి ఆనుతున్న సంగతి గమనించవచ్చు. అదీ వద్దనిపిస్తే ఊరికే కూర్చోవచ్చు, పక్కవాడిని కదపకుండా ఉంటే చాలు. ఇప్పుడు ఎవరైనా టీచర్లు దీని గురించి నన్ను అడిగితే మొట్టమొదట చెప్పే మాట ఇదే. లోపల ఏ బరువు మోస్తున్నారో తెలియని పిల్లల్ని లోపలికి చూడమని బలవంతం చేయకూడదు. తలుపు చూపించడం వరకే మన పని.

మూడో తప్పు నాకు ఎవరూ చెప్పకపోతే తెలిసేది కాదు. భోజనం తర్వాత పీరియడ్‌లో గోల ఎక్కువగా ఉంటుంది. గోల పెరిగినప్పుడల్లా, "సరే, అందరూ ఊపిరి మీద ధ్యాస పెట్టండి," అనడం నాకు అలవాటైపోయింది. ఒకరోజు గోలేమీ లేదు. మామూలుగానే మొదలుపెట్టబోతే ఒకమ్మాయి లేచి అడిగింది: "ఈ రోజు మేమేం అల్లరి చేయలేదు కదండీ, ఊపిరి ఎందుకండీ?"

అంటే వాళ్ళ లెక్కలో అది గోడకుర్చీ లాంటిదే. స్కేలు పక్కన పెట్టి, అదే పని ఊపిరితో చేయిస్తున్నాను. ఆ పిల్ల మాట తర్వాత ఒక నియమం పెట్టుకున్నాను: గోలగా ఉన్నప్పుడు ధ్యాస చేయించకూడదు. గోలని గోలగానే, మాటలతో సర్దాలి. ధ్యాసకి దాని సమయం దానిది, రోజూ ఒకేసారి, పీరియడ్ మొదట్లో. పిల్లలు నిశ్శబ్దంగా ఉండాలన్న ఆశ కూడా వదులుకోవాల్సి వచ్చింది. అన్నిటికన్నా కష్టమైంది అదే. ఎందుకంటే బయట వరండాలో వెళ్ళేవాళ్ళు తరగతి ఎంత నిశ్శబ్దంగా ఉందో చూసే టీచర్‌ని అంచనా వేస్తారు.

అన్నీ తీసేశాక ఏం మిగిలింది? మా బడి గంట మిగిలింది.

మా బడి గంట రైలు పట్టా ముక్క. వేపచెట్టు కొమ్మకి ఇనప గొలుసుతో వేలాడదీసి ఉంటుంది. అటెండర్ గారు ఇనప కడ్డీతో కొడితే ఊరవతలకి వినపడుతుంది. ఒకరోజు పీరియడ్ గంట కొట్టగానే, "ఈ చప్పుడు పూర్తిగా ఆగిపోయిందని మీకు అనిపించినప్పుడు చెయ్యెత్తండి," అన్నాను. అంతే చెప్పాను. ఠంగుమన్న మోత పోయి, జుమ్మని సాగి సాగి సన్నబడుతుంటే గదిలో ఒక్కొక్క చెయ్యీ లేచింది. దాదాపు అందరూ ఎత్తాక కూడా ఇద్దరు ఎత్తలేదు. వాళ్ళకి ఇంకా వినపడుతోంది. మిగతా వాళ్ళు చేతులు దించి మళ్ళీ చెవులు రిక్కించారు. కిసుక్కుమనేవాళ్ళు లేరు. నేను ఎవరినీ నోరు మూసుకోమనలేదు.

తర్వాత ఏం వినపడిందో చెప్పమంటే ఒకరి మీద ఒకరు పడి చెప్పారు. వంటగదిలో గరిట, రేవులో పడవ మోటారు, ఎవరి దొడ్లోనో చెట్టెక్కి కొబ్బరి దింపు తీస్తుంటే దబ్బున పడుతున్న కాయలు, కొబ్బరాకుల మీద గాలి. ఒకడు, "నా కడుపులో చప్పుడండి," అన్నాడు. పొద్దున్న ఏమీ తినకుండా వచ్చాడని అలా తెలిసింది. అప్పటి నుంచి రోజూ గంటతోనే మొదలు. రెండు నిమిషాలు.

కబాట్-జిన్ గారి శిక్షణలో ఎండు ద్రాక్ష ఒకటి చేతిలో పెట్టి, దాన్ని మొదటిసారి చూస్తున్నట్టు చూసి, వాసన చూసి, నెమ్మదిగా తినమంటారు. మా పిల్లలకి వారానికి మూడు రోజులు మధ్యాహ్న భోజనంతో పాటు వేరుశనగ చిక్కీ ఇస్తారు. ద్రాక్ష ఎందుకు, చిక్కీ ఉండగా అనుకున్నాను. శుక్రవారం చిక్కీలు పంచి, తినకుండా పట్టుకోమన్నాను. అదే పెద్ద పరీక్ష వాళ్ళకి. వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే పాకం తేనెరంగులో మెరిసింది. వేలికి అంటుకుంది. విరిస్తే టక్‌మంది, ముప్ఫై ఎనిమిది టక్కులు. ఒక చిన్న ముక్క నాలుక మీద పెట్టుకుని, కొరకకుండా ఉంచితే ఏమవుతుందో చూడమన్నాను. ముందు తీపి, కాస్త ఆగితే బెల్లం మాడిన సన్నటి చేదు, పప్పు పగిలాక నూనె కమ్మదనం. లంక నుంచి వచ్చే ఒక పిల్లాడు సగం ముక్క తిని, మిగతాది కాగితంలో చుట్టి జేబులో పెట్టుకున్నాడు. "రోజూ ఒక్క నిమిషంలో మింగేత్తానండి. ఇంత రుచి ఉంటదని తెలీలేదు. సెల్లికి సూపిత్తాను," అన్నాడు.

మన మధ్యాహ్న భోజనానికి 2024లో డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టినప్పుడు నాకు చాలా సంతోషమేసింది. ఆకలితో వచ్చినవాళ్ళకి వేళ కాని వేళ కూడా అన్నం పెట్టిన లంకల గన్నవరం తల్లి ఆవిడ. ఆ అన్నాన్ని పిల్లలు పరధ్యానంగా కాకుండా రుచి తెలిసి తినాలని నా కోరిక.

ఇక సీసా సంగతి. చాలాచోట్ల ఒక సీసాలో నీళ్ళు పోసి, మెరుపు పొడి వేసి, కుదిపి, అది అడుక్కి చేరేదాకా చూడమంటారు. మనసు కూడా ఇలాగే నెమ్మదిస్తుందని చెప్పడానికి. మాకు మెరుపు పొడి కొనాల్సిన పనేముంది? ఆగస్టులో రేవులోకి వెళ్ళి గాజు సీసా ముంచితే చాలు, ఎర్రనీరు. బల్ల మీద పెట్టాను. ఇసుక రెండు నిమిషాల్లో అడుక్కి చేరింది. కానీ నీళ్ళు ఎర్రగానే ఉన్నాయి. పీరియడ్ అయిపోయింది, ఎర్రగానే ఉన్నాయి. నా పాఠం చెడిపోయిందనుకున్నాను. మర్నాడు వచ్చి చూస్తే పైన ఒక వేలు మందం మాత్రం తేరింది, కింద ఇంకా మసకే.

అప్పుడు ఒకమ్మాయి, "ఇంకా తేరుకోలేదండీ," అంది. తేరుకోవడం. నీళ్ళకీ అదే మాట, జ్వరం తగ్గిన మనిషికీ అదే మాట, దుఃఖం నుంచి లేచిన ఇంటికీ అదే మాట. నలభై ఏళ్ళుగా ఈ మాట వాడుతున్నాను, ఇందులో బురదా నీళ్ళూ ఉన్నాయని ఆ రోజే చూశాను. ఇసుక లాంటి చిన్న చికాకులు రెండు నిమిషాల్లో దిగిపోతాయి. ఒండ్రు దిగడానికి రోజులు పడుతుంది. సీసాని కదపకుండా ఉంచడం తప్ప పైనుంచి మనం చేయగలిగిందేమీ లేదు. ఇది నేను చెప్పలేదు, పిల్లలే ఒకరి మాట మీద ఒకరు పేర్చుకుంటూ చెప్పుకున్నారు. ఒక పిల్లవాడి నాన్నమ్మ చిల్లగింజ పంపించింది. బిందె లోపల దాన్ని అరగదీస్తే వరద నీళ్ళు తొందరగా తేరతాయని లంకల్లో పెద్దవాళ్ళకి తెలుసు. ఇంకో సీసాలో అదీ చేసి చూశాం. మనసుకి చిల్లగింజ ఏమిటని అడిగితే ఒక్కొక్కరూ ఒక్కొక్కటి చెప్పారు. కువైట్ అమ్మ కూతురు, "పక్కన ఎవరైనా కూర్చుంటే చాలండి," అంది.

మా జీవశాస్త్రం మాస్టారు ఒక రోజు వచ్చి మణికట్టు దగ్గర నాడి చూసుకోవడం నేర్పించారు. ఊపిరి పీల్చేటప్పుడు గుండె కాస్త వేగంగా, వదిలేటప్పుడు కాస్త నెమ్మదిగా కొట్టుకుంటుంది. నెమ్మదిగా, పొడుగ్గా వదిలితే వేగస్ నాడి గుండె వేగాన్ని తగ్గిస్తుంది. అందరికీ తేడా తెలియలేదు కానీ, తెలిసినవాళ్ళ మొహాలు చూడాలి. తమ గుండె తమ మాట వింటోందని మొదటిసారి తెలిసిన మొహాలు అవి.

తల్లిదండ్రుల సమావేశంలో ఒకాయన లేచి సూటిగా అడిగారు. "మేము చర్చికి వెళ్తామండి. పిల్లలతో ధ్యానం చేయిస్తున్నారంట. ఇది ఏ మతం?" న్యాయమైన ప్రశ్న. బౌద్ధంలోంచి వచ్చిన పద్ధతి అన్న సంగతి దాచలేదు. మంత్రం లేదు, బొమ్మ లేదు, దండం లేదు, గంట వినడం, పాదాలు గమనించడం మాత్రమే ఉన్నాయని చెప్పాను. ఇష్టం లేకపోతే మీ పిల్ల ఆ రెండు నిమిషాలూ పుస్తకం చదువుకోవచ్చని కూడా చెప్పాను. అప్పటికీ ఆయన మొహంలో సందేహం పోలేదు.

అప్పుడు వెనక నిలబడ్డ ఇంకొకాయన మాట్లాడారు. ఆయన కొబ్బరి దింపు తీస్తారు. "మాకు ఇది కొత్త కాదండి," అన్నారు. "చెట్టు మీద ఉన్నప్పుడు ఇంటికాడ గొడవ గుర్తొచ్చిందనుకోండి. అప్పుడు కాలు కదపకూడదు. అక్కడే ఆగిపోయి, మట్ట గట్టిగా పట్టుకుని, చేతులు ఎక్కడున్నాయో కాళ్ళు ఎక్కడున్నాయో చూసుకుని, గొడవ కాస్త పోయాక అప్పుడు కదలాలి. మా నాన్న మొదట నేర్పింది ఇదేనండి. కోయడం తర్వాత నేర్పాడు."

ఆ మాటలు విని నేను చేతులు జోడించాను. నేను ఏడాది పాటు చదివి, పది రోజులు కూర్చుని నేర్చుకున్నది అంతా అందులో ఉంది. ప్రశ్న అడిగినాయన కూడా తలూపారు. ఆయన కూతురు ఆ రెండు నిమిషాలూ కొన్నాళ్ళు పుస్తకమే చదువుకుంది, తర్వాత దానంతట అదే గంట వినడం మొదలుపెట్టింది. మరుసటి వారం దింపు తీసే ఆయన్ని తరగతికి పిలిచాం. అరగంట మాట్లాడారు. అంతసేపు పిల్లలు ఎవరి మాటా అలా వినగా నేను చూడలేదు.

దీనివల్ల మార్కులు పెరిగాయా అని అడుగుతారు. పెరిగాయని నేను చెప్పలేను. చెప్పకూడదు కూడా. బ్రిటన్‌లో 85 బళ్ళలో, 8 వేలకు పైగా పిల్లలతో చేసిన మిరియడ్ అనే పెద్ద పరిశోధన ఫలితాలు 2022లో వచ్చాయి. బళ్ళలో మామూలుగా చెప్పే పాఠాల కన్నా మైండ్‌ఫుల్‌నెస్ పాఠాలు పిల్లల మానసిక ఆరోగ్యానికి ఎక్కువ మేలు చేయలేదని తేలింది. చాలామంది పిల్లలు ఇంటి దగ్గర అసలు చేయనే లేదట. నేర్పిన టీచర్లకు మాత్రం, కొంతకాలమైనా, అలసట తగ్గింది. మొదట చదివినప్పుడు నీరసం వచ్చింది. తర్వాత నా తరగతే గుర్తొచ్చింది. నా అనుభవం దానికి దూరంగా ఏమీ లేదు. మొదట మారింది నేనే. టీచర్ దవడ బిగుసుకోని గదిలో పిల్లలు తప్పు జవాబు చెప్పడానికి భయపడరు. లెక్కల్లో అంతకన్నా కావలసిందేముంది? తప్పు చేయడానికి భయపడే పిల్లకి లెక్కలు రావు.

పదో తరగతి పరీక్షల ముందు ఒక్క పని నేర్పాను. ప్రశ్నపత్రం చేతికి రాగానే చదవద్దు. పాదాలు నేలకి ఆనించి, మూడు ఊపిర్లు పొడుగ్గా వదిలి, అప్పుడు తిప్పి చదవండి. 2025 మార్చిలో లెక్కల పరీక్ష రాసి బయటికొచ్చిన పిల్లల్లో, ఆ కిటికీ పక్క అబ్బాయి కూడా ఉన్నాడు. పేపర్ ఎలా ఉందని అడిగితే, "మూడు సరిపోలేదండి, ఏడు తీసుకున్నాను," అన్నాడు. పాసయ్యాడు. ఇప్పుడు అమలాపురంలో ఇంటర్ చదువుతున్నాడు.

వాడికి నేను ఒక క్షమాపణ బాకీ పడ్డాను, అది వాడు తొమ్మిదిలో ఉండగానే చెప్పాను. వాడు సిగ్గుపడిపోయి, "అయ్యో, పర్లేదండి," అన్నాడు. మాటతో తీరేది కాదనిపించింది. 2023 జూలైలో ఏరు మళ్ళీ పెరిగినప్పుడు లంక పిల్లలు కిటికీ వైపు మెడలు తిప్పుతుంటే, పాఠం ఆపి, ఆ పొద్దుటి ధవళేశ్వరం లెక్క బోర్డు మీద కుడివైపు మూలన రాశాను. ఎన్ని లక్షల క్యూసెక్కులు, నిన్నటి కన్నా ఎంత ఎక్కువ, ఎంత తక్కువ. రాశాక అందరం ఒక నిమిషం దానివైపు చూశాం. తర్వాత మెడలు ఇటు తిరిగాయి.

అప్పటి నుంచి ప్రతి వానాకాలం ఆ మూల దానిదే. నేను రాయక్కర్లేదు కూడా. లంక నుంచి వచ్చే ఆరో తరగతి అమ్మాయి పొద్దున్నే వాళ్ళ నాన్న ఫోన్‌లో చూసుకుని, అంకె అరచేతి మీద పెన్నుతో రాసుకుని పడవెక్కుతుంది. ప్రార్థన కాగానే పై గదికి పరుగెత్తుకెళ్ళి, బెంచీ ఎక్కి బోర్డు మీద రాస్తుంది. రాశాక పక్కన చిన్న బాణం గీస్తుంది, పైకో కిందికో. తర్వాత గంట కొడతారు, వింటాం.